సజ్జ మీది పాత కంప్యూటర్లు: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లు, టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేములు, వాక్‌మన్‌లు, తొలితరం సెల్‌ఫోన్లు సేకరించి వాటిని మళ్లీ పనిచేయించడం నా వ్యాపకం. ఈ సంగతి తెలిసినవారు హనుమకొండలోనూ కాజీపేటలోనూ సజ్జ మీద దొరికిన ప్రతి పెట్టె గురించీ నన్ను అడుగుతుంటారు. కొందరు ధర అడుగుతారు, కొందరు స్విచ్ వేయవచ్చా అని అడుగుతారు. ఇద్దరిలోనూ కనిపించే భ్రమ ఒకటే: పెట్టెకు మూత వేసిన రోజునే లోపలి వస్తువుకు వయసు ఆగిపోయిందనుకోవడం. యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా అందులోని రసాయనాలు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి.

అపోహ: పాత టీవీల్లో, రేడియోల్లో ఎర్ర పాదరసం ఉంటుంది, అది లక్షల ధర పలుకుతుంది.

వాస్తవం: ‘రెడ్ మెర్క్యురీ’ పేరుతో ప్రచారంలో ఉన్న అద్భుత పదార్థం అసలు లేనే లేదు. అది అద్దంలో కనబడదని, వెల్లుల్లికి దూరంగా జరుగుతుందని చెప్పే వీడియోలను నమ్మి, షట్టర్లున్న చక్కని బ్లాక్ అండ్ వైట్ టీవీల పిక్చర్ ట్యూబు మెడను విరగ్గొట్టేవారున్నారు. చివరికి వారి చేతికి మిగిలేది గాజు ముక్కలు, తెరకు లోపల పూసిన పొడి మాత్రమే. పైగా ప్లగ్గు తీసేశాం కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. కలర్ పిక్చర్ ట్యూబుకు పనిచేసేటప్పుడు సుమారు 25,000 వోల్టులు అందుతాయి. కరెంటు తీసిన తర్వాత కూడా ఆ ట్యూబులో విద్యుత్తు చాలాసేపు నిలిచి ఉండగలదు. దానిని పద్ధతి ప్రకారం ఎర్త్‌కు వదిలించడం తెలియనివారు వెనుక మూత తీయకపోవడమే మంచిది.

బంగారం సంగతి కూడా అంతే. పిన్నుల మీద ఉన్నది మైక్రోమీటరు లెక్కల్లో ఉండే పూత. దాని కోసం ఇంటి పెరట్లో యాసిడ్ కాచేవారికి దక్కే పసిడి కంటే పీల్చే విషవాయువే ఎక్కువ.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువ.

వాస్తవం: విలువను నిర్ణయించేది వయసు కాదు. అలాంటివి ఎన్ని మిగిలాయి, ఎవరు కోరుకుంటున్నారు, వస్తువుతో పాటు ఏమేమి దొరికాయి అన్నవే ముఖ్యం. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది, కాబట్టి దానిని అరుదైనది అనడానికి వీల్లేదు. 1982లో బ్రిటన్‌లో విడుదలైన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ కూడా లక్షల సంఖ్యలో అమ్ముడైనదే. నా మట్టుకు నేను ఎక్కువ విలువ ఇచ్చేది మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద బడులకు చేరిన బీబీసీ మైక్రో కంప్యూటర్లకు. అలాంటిది దొరికినప్పుడు, మూత మీద పెయింటుతో రాసిన బడి పేరును, స్టాక్ రిజిస్టర్ నంబరును స్పిరిట్‌తో తుడిచి మెరిపించాలని చాలామందికి తోస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ యంత్రం ఏ బడిలో, ఏ పిల్లల చేతుల్లో తిరిగిందో చెప్పగలిగే ఆధారం అదొక్కటే కావచ్చు. బిల్లు, మాన్యువల్, తెలుగులో పేరు రాసిన క్యాసెట్టు వంటివి కూడా అదే విధంగా భద్రపరచవలసినవి.

అపోహ: వాడకుండా దాచినది కొత్తదానితో సమానం.

వాస్తవం: ఈ అపోహ వల్ల పోయినన్ని యంత్రాలు మరే కారణం వల్లా పోలేదని నా అభిప్రాయం. 386, 486 ప్రాసెసర్ల కాలపు మదర్‌బోర్డుల్లో చాలావాటి మీద వేలి కణుపంత నీలిరంగు స్తూపం ఒకటి కనిపిస్తుంది. అది గడియారాన్ని, సెట్టింగులను నిలిపి ఉంచే 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ. ఏళ్లు గడిచాక అది కారుతుంది. మొదట దాని కాళ్ల దగ్గర ఆకుపచ్చటి పొడి పేరుకుంటుంది. తర్వాత ఆ ద్రవం బోర్డు మీది పూత కిందకు దూరి, రాగి గీతలను నల్లబరుస్తూ పక్కనే ఉన్న కీబోర్డు సాకెట్టు దాకా పాకుతుంది. కారిన బ్యాటరీ అనగానే అందరూ యాసిడ్ అనుకొని వంటసోడా నీళ్లతో కడుగుతారు. కానీ ఇందులో ఉన్నది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. దానిని విరిచేది వెనిగర్ గానీ నిమ్మరసం గానీ, సోడా కాదు. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. బ్యాటరీ ఇంకా కారకపోయినా దానిని కత్తిరించి తీసివేయడం వాయిదా వేయదగిన పని కాదు.

వరంగల్ ఎండలు దీనికి తోడవుతాయి. బోర్డు మీద విద్యుత్తును నిలవ చేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. బయట 43, 44 డిగ్రీలున్న మే నెలలో స్లాబు కింది సజ్జ మీద వేడి ఎంతో చెప్పనక్కరలేదు. వాక్‌మన్‌లోని రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుంటుంది. స్పెక్ట్రమ్ కీబోర్డు కింద ఉండే పలుచని ప్లాస్టిక్ రిబ్బను పెళుసెక్కి, మూత తెరవగానే విరిగిపోతుంది. కొత్త రిబ్బన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి దాని గురించి దిగులు పడనక్కరలేదు.

అపోహ: ముందు కరెంటు పెట్టి చూస్తే పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: పనిచేసే యంత్రం కూడా ఆ పరీక్షలోనే కాలిపోవచ్చు. కొమడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్ విద్యుత్ అడాప్టర్ పాతబడితే 5 వోల్టులు ఇవ్వవలసిన చోట అంతకంటే ఎక్కువ ఇచ్చి మెమరీ చిప్పులను చంపుతుంది, కాబట్టి కంప్యూటర్‌కు తగిలించే ముందు మల్టీమీటరుతో కొలవాలి. బీబీసీ మైక్రో పవర్ సప్లైలో పారదర్శకంగా, పసుపు ఛాయలో ఉండే రిఫా కంపెనీ కెపాసిటర్లు పగుళ్లుబారి తేమ పీలుస్తాయి. స్విచ్ వేసిన కొద్దిసేపటికి తెల్లటి కంపు పొగ గది నిండా కమ్ముకుంటుంది. కంప్యూటర్ మాత్రం సాధారణంగా క్షేమంగానే ఉంటుంది. వాటిని ముందే మార్చడం తేలిక, చవక. మరొక సంగతి, అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన వస్తువులు 110-120 వోల్టుల కోసం తయారైనవి కావచ్చు. వెనుక ఉన్న స్టిక్కర్ చదవకుండా మన 230 వోల్టుల సాకెట్టులో పెట్టడం వాటి ప్రాణం తీయడమే.

అపోహ: వీడియో గేములో పెట్టే ఆట డబ్బీ, అంటే కార్ట్రిడ్జ్‌లోకి గాలి ఊదితే ఆట మొదలవుతుంది.

వాస్తవం: తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు సరిగా కూర్చుంటాయి, అంతే. నోటి తేమ వాటికి తుప్పు పట్టిస్తుంది. దూది పుల్లను ఐసోప్రొపైల్‌లో ముంచి తుడవడమే సరైన పద్ధతి. మన పిల్లలు ఆడినవాటిలో అధికభాగం 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్ అనే వీడియో గేము యంత్రానికి నకళ్లు. ‘9999999 ఇన్ 1’ అని రాసిన కార్ట్రిడ్జ్‌లో ఉండేవి కొద్ది ఆటలే. వాటినే పేర్లు, లెవెళ్లు మార్చి మెనూలో తిప్పి తిప్పి చూపించేవారు.

అపోహ: పసుపెక్కిన డబ్బా మురికిది, సబ్బుతో పోతుంది.

వాస్తవం: అది మురికి కాదు, ప్లాస్టిక్‌లోనే వచ్చిన మార్పు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో ఉంచితే చాలావరకు తెల్లబడుతుంది, కానీ కొన్నేళ్లకు మళ్లీ పసుపెక్కవచ్చు. మన వేసవిలో పూత త్వరగా ఆరిపోయి చారలు పడతాయి. లేత పసుపును అలాగే వదిలేయమని నా సలహా.

అపోహ: తడిసిన వస్తువును బియ్యంలో పెడితే బాగవుతుంది.

వాస్తవం: 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ నగరంలోని కాలనీలు మునిగినప్పుడు ఈ చిట్కా ఇంటింటా వినిపించింది. బియ్యం లోపలి నీటిని లాగలేదు, పైపెచ్చు దాని పిండి సందుల్లో చేరుతుంది. వరద నీటిలో ఉండే బురద, లవణాలు అసలు శత్రువులు. వెంటనే బ్యాటరీ తీయాలి, మూత విప్పి బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, పూర్తిగా ఆరిందని నిశ్చయమయ్యేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఓపిక పడితే కీబోర్డులు, మదర్‌బోర్డులు చాలావరకు దక్కుతాయి. హార్డ్ డిస్కును మాత్రం ఇంట్లో విప్పరాదు.

అపోహ: పాత క్యాసెట్లలోని కంప్యూటర్ ప్రోగ్రాములు ఎప్పుడో చెరిగిపోయి ఉంటాయి.

వాస్తవం: చాలాసార్లు ప్రోగ్రాము ఉంటుంది, టేపును చదివే ప్లేయర్ హెడ్డు కోణమే తప్పి ఉంటుంది. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రోగ్రాము తాలూకు కీచుధ్వని అన్నిటికంటే పదునుగా వినిపించే చోట ఆపాలి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే శుభ్రం చేయకుండా తిప్పకూడదు, అది హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్టుకూ పాకుతుంది. చక్కగా వినిపించిన మొదటిసారే ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేసుకోవాలి, ఎందుకంటే అరిగిన టేపు రెండోసారి తెగవచ్చు.