పాటు వేళ మడ తీరం

ఒక పక్క సముద్రపు ఇసుక, ఇంకో పక్క మడచెట్లు కమ్ముకున్న ఉప్పునీటి మడుగు. ఇలాంటి చోటికి బయలుదేరే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకోవాలి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. నిన్న ఉదయం 8 గంటలకు వచ్చిన పోటు ఇవాళ 8:50 ప్రాంతంలో వస్తుందన్నమాట. పోటు తర్వాత నీరు వెనక్కి తగ్గడమే పాటు. అది పూర్తవడానికి గంటన్నర ముందే చేరుకుంటే మంచిది.

మడుగు అంచున బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు కనిపించేవి నల్లమడ, తెల్లమడ చెట్ల శ్వాసవేళ్లు. రెండు మూడు మీటర్ల చెట్టుకే ఇవి పది వేలు దాటొచ్చు. వంగి చూస్తే తొక్క మీద చిన్న చిన్న గరుకు మచ్చలుంటాయి. చెట్టు గాలి పీల్చేది వాటిగుండానే. ఎందుకంటే బురదలో పైన కొన్ని మిల్లీమీటర్లు దాటితే ఆక్సిజన్ ఉండదు. పుల్లతో కాస్త కెలికితే నల్లమట్టితో పాటు కుళ్లిన గుడ్ల వాసన పైకొస్తుంది. మురుగేమో అనుకుంటారు చాలామంది. ఆక్సిజన్ లేని చోట సల్ఫేటుతో బతికే బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది.

పోటులో వేళ్లు మునిగినప్పుడు లోపలి ఆక్సిజన్ ఖర్చవుతుంది, కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగిపోతుంది, దాంతో లోపల పీడనం తగ్గుతుంది. నీరు తీసి రంధ్రాలు తేలగానే బయటి గాలి లోపలికి దూసుకుపోతుంది. 1955లో స్కోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం మడవేళ్ల రంధ్రాలను గ్రీజుతో మూసి చూస్తే వేళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయింది. మన కాలి కింద విరిగిన వేరు చెట్టుకు అంత ఊపిరి తగ్గించినట్టే. గట్టి ఇసుక అంచు మీదే నడవండి. ఒకచోట కదలకుండా కూర్చుంటే, భయపడి బొరియల్లోకి దూరిన పీతలు కొద్ది నిమిషాల్లో మళ్లీ పైకొస్తాయి. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండి, దాన్ని ఊపుతూ కనిపించేవి మగవి.

అసలు ప్రమాదం మడుగు సముద్రంలో కలిసే మొగ దగ్గర. నీరు ఒకే వేగంతో తగ్గదు. దాదాపు ఆరు గంటలు సాగే పాటులో మధ్య రెండు గంటల్లోనే దాదాపు సగం నీరు దిగుతుంది. మడుగంతా ఆ ఇరుకు దారిన బయటికి పోవాలి కాబట్టి నడుములోతు నీరు కూడా మనిషిని లాగేస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: సముద్రంలో నీరు పెరగడం మొదలయ్యాక కూడా మొగలో కొంతసేపు నీరు బయటికే పారుతుంటుంది. పట్టికలో చూసిన వేళ దాటిందని మొగలో దిగకూడదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ ఉరవడి ఇంకా ఎక్కువ. పొరపాటున చిక్కుకుంటే ఎదురీదకుండా, తేలుతూ పక్కకు, ఒడ్డు వైపు జరగాలి.

తిరిగొచ్చేటప్పుడు దారికి అడ్డమొచ్చిన కొమ్మల్ని విరవకండి. మడల్లో పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, తాత్కాలికంగా చూపు పోవడం జరుగుతాయి. అలా పడితే కన్ను నలపకుండా వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడిగి, వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. తాగే నీళ్లకు తోడు, ఇందుకోసం రెండు లీటర్లు విడిగా ఉంచుకోండి.