పరుపును బట్టి మంచం: లోపలి కొలత లెక్క

పరుపు చీటీ మీది అంకె చూసి పట్టెలు, అంటే మంచం చట్రపు నాలుగు పక్కల చెక్కలు, కోయకండి. ఆ అంకె ఒక అంచనా మాత్రమే. నురుగు, బట్ట, కుట్టు కలిసిన మెత్తటి వస్తువు కాబట్టి అసలు పరుపు దానికి ఒక సెంటీమీటరు అటో ఇటో ఉండటం మామూలే. పేర్లను నమ్మితే ఇంకా ఇబ్బంది. అమెరికాలో క్వీన్ అంటే 60 × 80 అంగుళాలు. అదే పేరుతో భారతదేశంలో 60 × 78 అంగుళాల పరుపులు వస్తాయి. మంచం పొడవులో రెండంగుళాల తేడా అంటే పరుపు పట్టకపోవడమైనా కావాలి, కాళ్ళవైపు గుంట మిగలడమైనా కావాలి.

కాబట్టి పరుపు ముందు, మంచం తర్వాత. నొక్కి చుట్టి పంపిన ఫోమ్ పరుపైతే విప్పి, కనీసం రెండు రోజులు చదునైన నేల మీద పరచి వదిలేయండి. గదిలో చల్లగా ఉంటే ఇంకో రోజు ఆగండి, చల్లదనానికి ఫోమ్ నెమ్మదిగా విచ్చుకుంటుంది. కొలిచేటప్పుడు టేపును పరుపు మీదుగా లాగితే పైభాగం ఉబ్బు వల్ల కొలత ఎక్కువ వస్తుంది. రెండు తిన్నని చెక్కలను చెరో పక్కా నిలబెట్టి, పరుపు నొక్కుకోకుండా ఆనించి, వాటి లోపలి ముఖాల మధ్య దూరం కొలవాలి. తలవైపు, నడుమ, కాళ్ళవైపు మూడు చోట్లా కొలిచి, పెద్ద అంకెను తీసుకోండి. ఫోమ్ పరుపులు సాధారణంగా నడుమ కాస్త ఉబ్బి ఉంటాయి. అంచు చుట్టూ తిరిగే లావు కుట్టును కూడా కలిపే కొలవాలి.

ఇక సందు. పక్కకు 6 నుంచి 10 మి.మీ. చొప్పున వదిలితే సరిపోతుంది. దుప్పటి అంచు మడిచి లోపలికి దోపేటప్పుడు పరుపు నొక్కుకుని చేతికి దారిస్తుంది కాబట్టి అంతకు మించి అక్కర్లేదు. సందు బొత్తిగా లేకపోతే దుప్పటి మార్చడమే ఒక కుస్తీ. పక్కకు 25 మి.మీ. దాటితే పరుపు రాత్రంతా జరుగుతూ ఉంటుంది, దుప్పటి ఊడిపోతుంది. పట్టెల లోపలివైపు మెత్త వేసి బట్ట తొడిగే ఆలోచన ఉంటే ఆ మందాన్ని ఇప్పుడే లెక్కలో కలపండి. పక్కకు 10 మి.మీ. మెత్త వేస్తే వదిలిన సందంతా అందులోనే పోతుంది.

కర్ర ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది కాబట్టి ఆ సందు అని చాలామంది అనుకుంటారు. పట్టె పొడవు విషయంలో ఆ భయం అక్కర్లేదు. కర్ర నారకు అడ్డంగానే కదులుతుంది, నార వెంట దాదాపు కదలదు. టేకు పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఆరేసరికి మానులోని వలయాల వెంట 5.8 శాతం, వలయాలకు అడ్డంగా, అంటే చేవ నుంచి బెరడు వైపు, 2.5 శాతం తగ్గుతుంది. పొడవులో తగ్గేది 0.1 శాతం దరిదాపుల్లోనే. కర్రలో తేమ 12 నుంచి 8 శాతానికి దిగిందనుకుందాం. రెండు మీటర్ల పట్టె పొడవులో మూడో వంతు మిల్లీమీటరు కూడా మారదు. అదే 200 మి.మీ. వెడల్పున్న పలక సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గుతుంది. అందుకే ఈ కదలికకు చోటు ఇవ్వాల్సింది తలవైపు పలకకు. దాన్ని చట్రంలోని గాడిలో జిగురు లేకుండా కూర్చోబెట్టి, గాడి లోతులో రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి. నాలుగు వైపులా జిగురు పెట్టి బిగిస్తే ఒకటి రెండు రుతువుల్లోనే పలక నిలువునా పగిలే ప్రమాదముంది.

అసలు లెక్క లోపలి నుంచి బయటికి నడవాలి. పరుపు 1525 × 2030 మి.మీ. వచ్చిందనుకోండి. వెడల్పుకు 15, పొడవుకు 15 కలిపితే లోపలి కొలత 1540 × 2045. ఎక్కువమంది దెబ్బతినేది దీని తర్వాతే, కోళ్ళ (మంచం కాళ్ళ) దగ్గర. 75 మి.మీ. చదరపు కోడుకు 30 మి.మీ. మందం పట్టెను సరిగ్గా నడుమ బిగిస్తే, కోడు పట్టె కంటే 22.5 మి.మీ. లోపలికి పొడుచుకొస్తుంది. పట్టెల మధ్య 1540 ఉన్నా కోళ్ళ మధ్య 1495 మాత్రమే మిగులుతుంది. అంటే పరుపు కంటే 30 మి.మీ. తక్కువ! నాలుగు మూలల్లోనూ కోళ్ళు పరుపును నొక్కి పట్టి, మూలలు పైకి లేస్తాయి. పట్టె లోపలి ముఖం, కోడు లోపలి ముఖం ఒకే వరసలో ఉండేలా, పట్టె చివర దూరే బెజ్జాన్ని కోడులో లోపలివైపుకు జరపడమే దీనికి మందు.

అలా జరిపాక లెక్క సులువు. పక్కపట్టె కోడు నుంచి కోడుకు కనబడే నిడివి 2045. రెండు చివరలా 40 మి.మీ. చొప్పున కుసి (బెజ్జంలోకి దూరే కొస) ఉంటే కోయాల్సిన నిడివి 2125. కుసి కలపడం మరచిపోయి పట్టె వృథా చేసుకునేవాళ్ళు తక్కువేం కాదు. కోళ్ళతో కలిపి బయటి వెడల్పు 1540 + 150 = 1690. ఇంత వెడల్పు చట్రం బిగించాక తలుపులోంచి పోదు. కాబట్టి తలవైపు, కాళ్ళవైపు భాగాలకు జిగురు పెట్టినా, పక్కపట్టెలను మాత్రం బోల్టులతోనే కలపండి.

బిగించే ముందు ఐమూలలు, అంటే మూల నుంచి ఎదురు మూలకు ఉండే దూరాలు, చూడాలి. 1540 × 2045 కు ఐమూల కొలత సరిగ్గా 2560 మి.మీ. రెండు ఐమూలలకూ మధ్య 12 మి.మీ. తేడా వచ్చిందంటే ఒక చివర రెండో చివర కంటే సుమారు 10 మి.మీ. పక్కకు వాలినట్టు. మీరు వదిలిన 15 మి.మీ. లో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోతుంది. తేడా 3 మి.మీ. లోపు వచ్చేదాకా పెద్ద ఐమూల వెంట నెట్టుతూ సరిచేయండి. ఐమూలలు సమానమైనంత మాత్రాన పని అయిపోలేదు. తలవైపు కంటే కాళ్ళవైపు వెడల్పు తక్కువగా ఉన్నా రెండు ఐమూలలూ సమానంగానే వస్తాయి. ఎదురెదురు పట్టెల కొలత కూడా కలవాలి.

పరుపు పట్టెల మధ్యకు 25 నుంచి 50 మి.మీ. దిగితే చాలు. 40 మి.మీ. దిగాలి, పరుపు కింద వేసే అడ్డచెక్కలు 20 మి.మీ. మందం అనుకుంటే, వాటిని మోసేందుకు పట్టె లోపలివైపు బిగించే రీపరు (సన్న చెక్క) పైముఖం పట్టె పై అంచుకు 60 మి.మీ. కింద ఉండాలి. అడ్డచెక్కలను లోపలి వెడల్పు కంటే 5 మి.మీ. తక్కువగా, అంటే 1535 కు కోయండి, లేకపోతే వేసేటప్పుడు పట్టెలను బయటికి నెడతాయి. చెక్కల మధ్య ఖాళీ 70 మి.మీ. దాటితే ఫోమ్ అందులోకి జారి ఒంట్లో గట్టిగా తగులుతుంది. బొత్తిగా ఖాళీ లేకుండా ప్లైవుడ్ పరిస్తే చెమట తేమ అడుగున నిలిచి బూజు పడుతుంది.

ఒకటిన్నర మీటర్ల నిడివిని 20 మి.మీ. చెక్క ఒంటరిగా మోయలేదు. నడుమ ఒక దూలం, దాని కింద నేలకు ఆనే కాలు తప్పనిసరి. మధ్యలో ఒకచోట పడే బరువుకు చెక్క ఎంత వంగుతుందన్నది నిడివి ఘనాన్ని బట్టి ఉంటుంది. నిడివి సగమైతే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ దూలం పైముఖం రీపర్లతో ఒకే మట్టంలో ఉండాలి. 5 మి.మీ. ఎత్తైనా నడుమ దిబ్బలా తగులుతుంది, అంతే తగ్గితే దూలం ఉండీ లేనట్టే.

పసిపిల్లల తొట్టి మంచానికి మాత్రం ఈ సందుల లెక్క వాడకండి. పరుపుకూ తొట్టి పక్కకూ మధ్య రెండు వేళ్ళకు మించి పడితే బిడ్డ ఇరుక్కునే ప్రమాదముంది.

లెక్క ఎటు తేల్చుకోవాలో తెలియకపోతే 5 మి.మీ. ఎక్కువకే మొగ్గండి. సందు ఎక్కువైతే పక్కపట్టెల లోపల తగిన మందం పట్టీని మరలతో బిగిస్తే పని జరిగిపోతుంది. వెడల్పులో తక్కువైతే తలవైపు, కాళ్ళవైపు ఉండే పట్టెలు రెంటినీ కొత్తగా చేయాలి, అడ్డచెక్కలన్నీ మళ్ళీ కోయాలి.