మధ్యల సూది తప్పితే మళ్ళ మొదటి నుంచి వెయ్యాల్నా? అపోహలు - వాస్తవాలు

బుధవారం, శనివారం టీకాల రోజు వచ్చిందంటే ఈ మాట వినకుండ ఇంటికి పోను: "సిస్టరమ్మా, మధ్యల రెండు సూదులు తప్పినయి, ఇప్పుడు వేసినా లాభం లేదట, మళ్ళ మొదటి నుంచి వెయ్యాల్నట." ఈ 'అట' ఎవరు పుట్టించిన్రో గానీ, మా సబ్ సెంటర్ల పిల్లలు ఆగిపోయేది ఎక్కువ దీనివల్లనే.

పడ్డ డోస్ ఎక్కడికీ పోదు. 6 వారాలకు పెంటా (కోరింత దగ్గుతోని కలిపి ఐదు జబ్బుల టీకా) ఒకటి పడి, మళ్ళ 8 నెలలకు వచ్చినా రెండోదే వేస్తం, 4 వారాలకు మూడోది. మధ్యల కనీసం 4 వారాలు ఉండాలె, అంతకన్న ఎక్కువైతే మొదటిది చెడిపోదు. అట్లని నిదానంగ వద్దామనుకోవద్దు, కోరింత దగ్గు ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువ ఆరు నెలల లోపు పసిపిల్లలకే, ఒక్క డోస్ సరిపోదు. బీసీజీకి (టీబీ టీకా), పెంటా, రోటా (విరేచనాల టీకా) మొదటి డోసులకు ఏడాది లోపలే టైం. పెంటా అసలే పడకుంట ఏడాది దాటితే డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) ఉంది, 7 ఏండ్ల దాకా ఇస్తం, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) అయితే 5 ఏండ్ల దాకా.

మన వరంగల్ దిక్కు తొలికాన్పు తల్లిగారింట్లనే గదా, మొదటి సూదులు అక్కడ పడతయి, మూడో నెలల అత్తగారింటికి వస్తరు, కార్డేమో తల్లిగారింటి బీరువల ఉండిపోతది, ఇంతల మిర్చి ఏరుడు మొదలు. పోయినేడు ఒక తల్లి 8 నెలల బిడ్డను కొంగుల దాచుకున్నట్టు పట్టుకొని వచ్చింది. ఇన్ని రోజులు ఆశక్క ఇంటికి పోయినప్పుడల్లా తలుపేసుకున్నదట, తిడతమని. మళ్ళ మొదటి నుంచి వేస్తే డబుల్ డోసై ఫిట్స్ వస్తయని ఎవరో చెప్పిన్రట. "నా బిడ్డను నేనే ఆగం చేసిన్నా సిస్టర్" అని ఏడ్చింది. ఏం తిడతం? కార్డు లేకున్నా, టీకాల సర్కారు ఆన్‌లైన్ రికార్డు యూ-విన్‌ల ఆమె ఫోన్ నంబర్ కొడితే 6 వారాల డోసులన్నీ కనబడ్డయి. ఆ రోజే పెంటా రెండోది వేసిన. 9 నెలలకు పెంటా మూడోది, ఎంఆర్ ఒక్కరోజే.

మిగతావి తొందరగ చెప్త. కొంచెం జలుబు, దగ్గు ఉంటే సూది ఆపొద్దు. సూది పడ్డంక ఒకటి రెండు రోజులు జ్వరం మామూలే, మేం చెప్పినంత పారాసిటమాల్ వెయ్యున్రి. బీసీజీ పడ్డ కాడ కొన్ని వారాలకు చిన్న పుండైతది, దానికి పసుపు, ఆయింట్‌మెంట్ ఏం పెట్టొద్దు. పోలియో ఆదివారం చుక్కలు అదనం, వాటితోని కార్డుల డోసులు తీరయి. 2011 జనవరి 13 తర్వాత మన దేశంల వైల్డ్ పోలియో (సహజంగ అంటుకునే పోలియో) కేసు రాలేదంటే ఈ రెండూ వేసినందుకే.

ఆ బిడ్డకు మొన్న 16 నెలలు నిండినయి. డీపీటీ బూస్టర్‌కు, ఎంఆర్ రెండోదానికి నేను ఫోన్ చెయ్యకముందే తల్లి వచ్చి కూసున్నది, పక్కన మిర్చి కూలికి తనతోని వచ్చే ఇంకో ఆమె, చంకల నాలుగు నెలల పిలగాడు, కార్డు లేదు.