పెట్టెలో చీటీలు వేసి గవర్నర్‌ను ఎన్నుకున్న రోజులు

2018 డిసెంబర్‌లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక ఎన్నిక జరిగింది. బిల్ గార్డ్‌నర్ అప్పటికి 1976 నుంచి అక్కడ సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే ఎన్నికలు నడిపించే పెద్ద అధికారి. ఆయన మీద కాలిన్ వాన్ ఓస్టర్న్ పోటీకి దిగారు. ఓటేసింది జనం కాదు, శాసనసభ్యులు. రెండు సభలూ ఒకచోట కూర్చుని రహస్యంగా చీటీలు వేస్తే మొదటి రౌండులో ఎవరికీ సగం దాటలేదు, రెండో రౌండులో 209-205తో గార్డ్‌నర్ గట్టెక్కారు.

ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, అమెరికా పుట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో గవర్నర్‌ను కూడా ఇలాగే ఎన్నుకునేవారు. దీని వెనక ఉన్నది భయం. బ్రిటిష్ రాజు పంపిన గవర్నర్లు సభ చేసిన చట్టాన్ని ఆపేయగలరు, సభనే రద్దు చేయగలరు. 1774 మేలో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ అదే పని చేస్తే, సభ్యులు వెళ్లి విలియమ్స్‌బర్గ్‌లోని రాలీ టావెర్న్‌లో సమావేశమయ్యారు. అలాంటి దెబ్బ తిన్నవాళ్లు రెండేళ్లకే సొంత రాజ్యాంగం రాసుకుంటే గవర్నర్ జుట్టు తమ చేతిలో పెట్టుకోకుండా ఎలా ఉంటారు?

1776 వర్జీనియా రాజ్యాంగం ప్రకారం గవర్నర్ పదవి ఒక్క ఏడాది. వరసగా మూడేళ్లకు మించి ఉండకూడదు, ఆ తర్వాత నాలుగేళ్లు ఆ వైపు చూడకూడదు. వీటో లేదు. ఏం చేయాలన్నా ఎనిమిది మంది కౌన్సిల్‌ను అడగాలి, ఆ కౌన్సిల్‌నూ ఎన్నుకునేది శాసనసభే. ట్రెజరర్, అటార్నీ జనరల్, పెద్ద జడ్జీలు కూడా అంతే. దీన్ని ఉమ్మడి బ్యాలెట్ అనేవారు. ఏ సభ వాళ్లు ఆ సభలోనే చీటీలు వేస్తారు, పెట్టెలు తెచ్చి ఒక గదిలో పెడతారు, రెండు సభల నుంచీ వచ్చిన కమిటీ వాటిని విప్పి లెక్కపెట్టి సభలకు చెబుతుంది. చీటీలన్నీ కలిపి లెక్కేస్తారు కాబట్టి, 24 మంది ఉన్న సెనేట్ మాట పెద్ద సభ ముందు పెద్దగా నిలిచేది కాదు. ఈ చిన్న విషయం తర్వాత చాలా దూరం వెళ్లింది.

ఈ కథలో నాకు బాగా గుర్తుండిపోయే మనిషి థామస్ నెల్సన్. రాజ్యాంగం ఆమోదించిన రోజే, 1776 జూన్ 29న, కన్వెన్షన్ (ఆ రాజ్యాంగం రాసిన సభ) సభ్యులు తొలి గవర్నర్‌ను ఎన్నుకున్నారు: ప్యాట్రిక్ హెన్రీకి 60, ఈ నెల్సన్‌కు బాబాయి అయిన పెద్ద థామస్ నెల్సన్‌కు 45, జాన్ పేజ్‌కు 1. 1779 జూన్ 1న మన నెల్సన్ నిలబడ్డారు. తర్వాత దేశాధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 55, పేజ్ 38, నెల్సన్ 32. సగం దాటిన వాళ్లు లేరు కాబట్టి మళ్లీ బ్యాలెట్ పెట్టారు, ఈసారి జెఫర్సన్, పేజ్ మధ్యే పోటీ. కాలేజీ రోజుల నుంచీ ప్రాణ స్నేహితులైన ఆ ఇద్దరిలో జెఫర్సన్ 67-61తో గెలిచారు.

ఆ తర్వాత స్వాతంత్ర్య యుద్ధం వర్జీనియా గుమ్మంలోకి వచ్చింది. జెఫర్సన్ పదవీకాలం 1781 జూన్ మొదట్లో ముగిసింది, జూన్ 4న బ్రిటిష్ గుర్రపు దళం షార్లట్స్‌విల్ మీద పడింది, శాసనసభ్యులు కొండలు దాటి స్టాంటన్‌కు పరుగెత్తారు. శత్రువు ఇంట్లో ఉంటే రాష్ట్రానికి పది రోజులు గవర్నర్ లేడు! చీటీలు వేసేవాళ్లే చెల్లాచెదురైతే ఎవరు ఎన్నుకుంటారు? జూన్ 12న స్టాంటన్‌లో కూర్చుని నెల్సన్‌ను ఎన్నుకున్నారు. ఒకసారి వద్దనుకున్న మనిషికి, ఆయన మిలీషియా (స్థానిక పౌర సైన్యం) జనరల్ కాబట్టి, మామూలు కంటే ఎక్కువ అధికారాలు కూడా ఇచ్చారు. జెఫర్సన్ నడవడిక మీద విచారణ అన్నారు, డిసెంబర్‌లో మచ్చ లేదని తేల్చి కృతజ్ఞతలు చెప్పారు. ఆ అనుభవం తర్వాతే జెఫర్సన్, అధికారమంతా శాసనసభ చేతిలో పోగుపడితే 173 మంది నిరంకుశులు ఒక్క నిరంకుశుడికి ఏమాత్రం తీసిపోరని రాశారు.

1787లో దేశ రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూర్చున్నప్పుడూ ఇదే గొడవ. దేశాధ్యక్షుణ్ణి కాంగ్రెస్సే ఎన్నుకోవాలన్నది మొదటి ఆలోచన. ఆగస్టు 24న ఉమ్మడి బ్యాలెట్ అని 7-4తో తీర్మానించారు కూడా. కానీ చీటీలు కలిపేస్తే సెనేట్‌లో తమకున్న సమాన బలం పోతుందని చిన్న రాష్ట్రాల బాధ (ఆ 24 మంది సెనేటర్ల సంగతే ఇక్కడ దేశమంత పెద్దదైంది). పైగా కాంగ్రెస్ ఎన్నుకున్న అధ్యక్షుడు కాంగ్రెస్‌కు ఎదురు చెప్పగలడా అన్న అనుమానం. సెప్టెంబర్‌లో ఎలక్టర్ల పద్ధతి, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికే రాష్ట్రాల నుంచి వేరుగా కొందరిని ఎంచే పద్ధతి, అలా వచ్చింది.

రాష్ట్రాల్లో మాత్రం పాత పద్ధతి మెల్లగా పోయింది. గవర్నర్‌ను జనమే ఎన్నుకోవడం జార్జియాలో 1825లో, నార్త్ కరోలినాలో 1836లో, మేరీల్యాండ్‌లో 1838లో, వర్జీనియాలో 1851లో, సౌత్ కరోలినాలో అయితే అంతర్యుద్ధం ముగిశాక 1865లో మొదలైంది. కింది పదవులకు అక్కడక్కడా మిగిలింది. మెయిన్, టెనెసీల్లో సెక్రటరీ ఆఫ్ స్టేట్‌నూ ట్రెజరర్‌నూ ఇప్పటికీ శాసనసభే ఎన్నుకుంటుంది.

గవర్నర్ల మీద మన దగ్గర రోజూ జరిగే వాదనలు వింటున్నప్పుడు నాకు ఇదంతా గుర్తొస్తుంది, ఎందుకంటే మనమూ ఆ గుమ్మం దాకా వెళ్లి వచ్చాం. 1947 జూలైలో మన రాజ్యాంగ సభ గవర్నర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని ఒప్పుకుంది. 1948 ముసాయిదాలో దాని పక్కనే ఇంకో దారి రాశారు: శాసనసభ్యులు నలుగురి పేర్లు ఎన్నుకుని పంపితే అందులో ఒకరిని రాష్ట్రపతి నియమిస్తారు. ఎన్నికైన గవర్నర్, ఎన్నికైన ముఖ్యమంత్రి ఒకే ఒరలో ఇమడరన్న భయంతో 1949 మే చివర్లో రెండింటినీ పక్కనపెట్టి, రాష్ట్రపతే నియమించాలని తేల్చారు.