సడలిన రెప్పకు కనుకొలకు దగ్గరే బిగింపు

హైదరాబాద్‌లోని ఏ పెద్ద కంటి ఆసుపత్రిలోనైనా, మెహదీపట్నంలోని సరోజినీదేవి ఆసుపత్రిలోనైనా, 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనైనా, చేతిరుమాలుతో అదే పనిగా కన్ను ఒత్తుకునే వృద్ధులు కనిపిస్తారు. వారిలో కొందరికి లోపం కంటిలో కాక కింది రెప్పలో ఉంటుంది. వయసుతో రెప్ప సడలి బయటికి తిరిగినప్పుడు, ముక్కు వైపు మూలన కన్నీటిని లోపలికి తీసుకునే సన్నని రంధ్రం కంటికి దూరమవుతుంది. నీరు చెంప మీదికి కారుతుంది, కంటి ముందున్న పారదర్శక పొర అయిన కార్నియా మాత్రం ఆరిపోతూ ఉంటుంది.

నులక మంచం నడుమ కుంగినా తాళ్ళు బిగించేది కాళ్ళ వైపే. రెప్పకూ అంతే. రెప్పకు గట్టిదనమిచ్చే టార్సల్ ప్లేట్ రెండు చివర్లా స్నాయువులనే గట్టి పట్టీలతో ఎముకకు కట్టి ఉంటుంది. బయటి స్నాయువు చెంప ఎముకలో, కంటిగూటి అంచుకు కొన్ని మిల్లీమీటర్లు లోపలగా ఉన్న విట్నాల్ బుడిపెకు అతుక్కుంటుంది. ఈ ‘లోపలగా’ అన్న మాటే మొత్తం శస్త్రచికిత్సకు ప్రాణమని నా అభిప్రాయం.

సడలింపు కొద్దిగా ఉంటే స్నాయువును కోయకుండానే కుట్టుతో ఎముకపై పొరకు బిగిస్తారు. దీన్ని కాంథోపెక్సీ అంటారు. ఎక్కువగా ఉంటే 1979లో ఆండర్సన్, గార్డీ అనే వైద్యులు వివరించిన టార్సల్ స్ట్రిప్ పద్ధతి పనికొస్తుంది. మత్తు సూది ఇచ్చి బయటి కొలకును చీల్చి, స్నాయువు కింది పాయను విడదీసి, రెప్ప చివర చర్మాన్నీ వెంట్రుకల అంచునూ లోపలి పొరనూ తొలగించి, మిగిలిన టార్సల్ పట్టీని తగినంత కురచచేసి, కంటిగూటి అంచు లోపలి వైపున్న పొరకు కుట్టేస్తారు. ఆ కుట్టు అంచుకు ముందు వైపు పడితే, రెప్ప ఎంత బిగిసినా కనుగుడ్డును అంటుకోదు. కన్ను ముందుకు పొడుచుకువచ్చిన వారిలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అతిగా బిగించిన రెప్ప బొజ్జ కిందికి జారిన పంచె ముడిలా గుడ్డు కిందికి దిగిపోతుంది.

చూపు కాపాడడానికి ఈ కొలకును విప్పడమే అత్యవసరమైన సందర్భం కూడా ఒకటుంది. రోడ్డు ప్రమాదంలో కంటిగూటిలోపల రక్తం చేరి ఒత్తిడి పెరిగితే, చూపు నరం దెబ్బతినకముందే వైద్యుడు అక్కడికక్కడే కొలకును చీల్చి, స్నాయువును తెంచి ఆ ఒత్తిడిని తగ్గిస్తాడు. వాపు తగ్గాక ఆ కొలకును మళ్ళీ కట్టవలసివస్తే, ఎముక లోపలి వైపుకే కట్టాలి.