రాబిన్‌హుడ్ ఏ ఊరివాడు? ఈ తగాదా ఇప్పటిది కాదు

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతపు డాన్‌కాస్టర్ దగ్గర పాత వైమానిక స్థావరాన్ని ఎయిర్‌పోర్టుగా మార్చి 2005లో దానికి రాబిన్‌హుడ్ పేరు పెట్టారు. నాటింగ్‌హామ్ వాళ్లకు అది అస్సలు నచ్చలేదు. షేర్‌వుడ్ అడవి మా దగ్గరుంది, విగ్రహం మా కోట ముందుంది, మధ్యలో యార్క్‌షైర్ వాళ్లకేం పని అని వీళ్ల వాదన. అసలు మావాణ్నే మీరు ఎత్తుకుపోయారు అని వాళ్లంటారు. ఒక దారిదొంగ కోసం ఇంత రభసా అనిపిస్తుంది గానీ, పాత కథలు తిరగేస్తే యార్క్‌షైర్ వాళ్ల మాటకే బలమెక్కువ.

రాబిన్‌హుడ్ పాటల ప్రస్తావన మనకు మొదట దొరికేది 1377 ప్రాంతపు ఒక కావ్యంలో. అందులో ఒక సోమరి పూజారి, నాకు ప్రార్థన సరిగ్గా రాదు గానీ రాబిన్‌హుడ్ పాటలైతే వచ్చు అంటాడు. అంటే అప్పటికే ఆ పాటలు జనం నోళ్లలో బాగా నానుతున్నాయన్నమాట. తర్వాత 1500 ప్రాంతంలో అచ్చయిన పెద్ద గాథలో అతను కాపు కాసేది షేర్‌వుడ్‌లో కాదు, యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్‌లో, ఉత్తరాదికి పోయే పెద్ద రహదారి పక్కన. ఆ చోటికి దొంగల పేరు ఊరికే రాలేదు. 1306లో స్కాట్లాండ్ మతాధికారులు ముగ్గుర్ని దక్షిణానికి తీసుకెళ్తూ, బార్న్స్‌డేల్ దాటడానికని కాపలా విలుకాళ్లను 20 మందికి పెంచారు. 1422 నాటి ఒక మఠం దస్తావేజులో అక్కడి ‘రాబిన్‌హుడ్ రాయి’ సరిహద్దు గుర్తుగా కూడా కనిపిస్తుంది.

మరి నాటింగ్‌హామ్‌కు ఎలా చేరాడు? నా లెక్కలో విలన్ వల్లే. అదే బార్న్స్‌డేల్ గాథలో కూడా అతని శత్రువు నాటింగ్‌హామ్ షెరీఫే, అంటే అక్కడి రాజోద్యోగి. రెండు చోట్లకూ మధ్య దాదాపు 50 మైళ్లు, అయినా కథలో మనుషులు పక్క వీధికి వెళ్లినట్టు వెళ్లొస్తుంటారు. బహుశా వేర్వేరు కథల్ని ఎవరో కలిపి కుట్టారు, అతుకు తెలిసిపోతోంది. షేర్‌వుడ్ కథా కొత్తదేం కాదు, 15వ శతాబ్దం మొదట్లోనే ఎవరో ఒక రాతప్రతిలో ‘షేర్‌వుడ్‌లో నిలిచిన రాబిన్‌హుడ్’ అన్న ముక్క గిలికి పెట్టారు. జనానికి షెరీఫ్ గుర్తుండిపోయాడు, హీరో అతని అడ్రస్‌కే వెళ్లిపోయాడు.

అసలు మనిషి ఉన్నాడా అంటే, 1225లో యార్క్ కోర్టుకు రాకుండా పారిపోయిన రాబర్ట్ హాడ్ అనేవాడి సొత్తు, 32 షిల్లింగుల 6 పెన్నీల విలువైనది, జప్తు చేసినట్టు రికార్డుంది. ఇతనే అతనని తేల్చలేం. రాబర్ట్‌లకు ఆ రోజుల్లో కొదవ లేదు. పైగా 1262 నాటికి బెర్క్‌షైర్‌లో పరారైన విలియం అనేవాణ్ని గుమాస్తా ‘రోబెహాడ్’ అని రాసేశాడు, అంటే అప్పటికే అది దొంగలకు తగిలించే బిరుదై ఉండాలి.

మనకు తెలిసిన మిగతా సరుకంతా తర్వాత చేరిందే. పాత గాథలో రాజు పేరు ఎడ్వర్డ్, ఇప్పటి కథల్లో వినిపించే రిచర్డ్ కాదు. రిచర్డ్ కాలానికి లాక్కెళ్లింది 1521లో ఒక చరిత్రకారుడు. 1598 నాటకాల్లో అతన్ని ఏకంగా జమీందారును చేశారు, అంతకుముందు మామూలు రైతు స్థాయి మనిషే. అతని ప్రియురాలు మారియన్ మే నెల జాతరల ఆటల్లోంచి వచ్చింది. ఉన్నోణ్ని కొట్టి లేనోడికి పెట్టడం కూడా పాత గాథలో పెద్ద విషయం కాదు, పేదలకు మేలు చేశాడని చివర్లో ఒక్క మాట ఉంటుంది, అంతే.

చావు విషయంలో మాత్రం గాథకు ఏ సందేహమూ లేదు. యార్క్‌షైర్‌లోని కిర్క్‌లీస్ మఠంలో బంధువైన సన్యాసిని వైద్యం పేరుతో రక్తం తీసి చంపిందట. అక్కడ చూపించే సమాధి రాతిని పంటి నొప్పికి మందని రైలు కూలీలు ముక్కలు ముక్కలుగా చెక్కుకుపోయారు. దాని మీది శాసనంగా చలామణీ అయ్యే పద్యంలో చనిపోయిన సంవత్సరం 1247 అని ఉంటుంది, కానీ అందులో రాసిన తేదీ పాత రోమన్ క్యాలెండర్ లెక్కలో అసలు లేనే లేనిది.