యాంటీఆక్సిడెంట్ నంబర్ చూసి మందులు ఆపేయకండి: అపోహలు, వాస్తవాలు

"మేడం, ఈ మొక్క ఎక్స్‌ట్రాక్ట్‌కి యాంటీఆక్సిడెంట్ వాల్యూ చాలా ఎక్కువంట కదా, ఇది వాడితే కీళ్ళవాతం టాబ్లెట్లు మానేయొచ్చా?" ఔషధ మొక్కల ఫినాలిక్స్ (మొక్కల్లో ఉండే, యాంటీఆక్సిడెంట్ గుణమున్న సహజ రసాయనాలు) మీద ల్యాబ్‌లో పని చేస్తానని తెలిస్తే చాలు, అందరూ అడిగేది ఇదే. మానకూడదు. ఎందుకో చెప్తా.

అపోహ: ల్యాబ్‌లో బాగా పనిచేస్తే ఒంట్లో కూడా పనిచేస్తుంది.

వాస్తవం: ఆ నంబర్ ఎక్కువగా డీపీపీహెచ్ టెస్ట్‌ది. మిథనాల్‌లో కలిపిన ఊదారంగు ద్రావణంలో ఎక్స్‌ట్రాక్ట్ వేస్తాం, రంగు తగ్గి పసుపు వైపు వస్తుంది, ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తాం, అంతే. ఆ ద్రావణంలో ఉండే డీపీపీహెచ్ అనే రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) మన ఒంట్లో ఉండనే ఉండదు. "టోటల్ ఫినాలిక్స్" అని వేసే ఫోలిన్ టెస్ట్ అయితే విటమిన్ సి ఉన్నా రీడింగ్ పెంచేస్తుంది. ఇలాంటి నంబర్లనే కంపెనీలు ప్రచారానికి వాడుకుంటున్నాయని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ విలువలుండే తన ఓరాక్ పట్టికనే వెబ్‌సైట్ నుంచి తీసేసింది.

ఇంకోటి, మింగినదంతా రక్తంలోకి రాదు. పేగు గోడ, లివర్ కలిసి ఫినాలిక్స్‌కి గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలించి బయటికి పంపేస్తాయి. ఒక ట్రయల్‌లో రోజుకి 8 గ్రాముల కర్క్యుమిన్ (పసుపులో ఉండే ఫినాలిక్) ఇచ్చినా రక్తంలో సగటున 2 మైక్రోమోలార్ కూడా దాటలేదు, మేమేమో సెల్స్ మీద 10, 20, 50 వేసి "వాపు తగ్గింది" అని రాస్తుంటాం. అలాగని ఫినాలిక్స్ ఉత్తివే అనట్లేదు, కణాల్లో వాపునీ, రక్షణనీ నడిపే ఎన్ఎఫ్ కప్పా బి, ఎన్ఆర్ఎఫ్2 లాంటి సిగ్నల్స్ మీద వీటి ప్రభావం నిజంగా ఉంది, నేను రోజూ చేసే పనే అది. కానీ అది డాక్టర్ రాసిన మందుకి బదులు కాదు.

తెలిసినావిడ ఒకరు రుమటాయిడ్ కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఆపేసి కర్క్యుమిన్ క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. లివర్ పాడవుతుందేమోనని భయం, ఆ భయం తప్పని నేననను, ఎవరికైనా ఉంటుంది, ఆవిడకి కావాల్సింది ఎవరైనా కూర్చోబెట్టి రక్త పరీక్షల గురించి ఓపిగ్గా చెప్పడం. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి వేళ్ళ కీళ్ళు అరిగిపోయి ఉన్నాయి. రుమటాయిడ్‌లో అలా దెబ్బతిన్న ఎముక దాదాపు మళ్ళీ మామూలు కాదు. ఇలాంటి పుకార్లు ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద నాకు కోపం అందుకే.

అపోహ: మొక్క నుంచి వచ్చింది, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వాస్తవం: గ్రీన్ టీ తాగడం వేరు, దాని ఎక్స్‌ట్రాక్ట్ మింగడం వేరు. సప్లిమెంట్ల రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ (గ్రీన్ టీలో ఉండే ప్రధాన ఫినాలిక్) తీసుకున్నవాళ్ళలో లివర్ ఎంజైములు పెరిగాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. పైపరిన్ (మిరియాల్లోని ఘాటు పదార్థం) కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు కూడా రిపోర్ట్ అయ్యాయి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళు ఏ ఎక్స్‌ట్రాక్ట్ అయినా డాక్టర్‌కి లేబుల్ చూపించాకే.

అపోహ: ఫినాలిక్స్ ఎప్పుడు తీసుకున్నా మంచివే.

వాస్తవం: టీలో ఉండేవి ఐరన్‌ని పట్టేసుకుంటాయి. రక్తం తక్కువ ఉన్నవాళ్ళు ఐరన్ టాబ్లెట్‌కీ టీకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటలు గ్యాప్ ఇవ్వండి.